కెమెరా కనిపిస్తుంది, బొమ్మ రాదు: లినక్స్ వెబ్‌క్యామ్ డ్రైవర్‌లో ఒక్క ఎంట్రీ చేర్చిన కేస్ స్టడీ

లినక్స్‌లో వెబ్‌క్యామ్ పనిచేయట్లేదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: డివైస్ అసలు కనిపించట్లేదా, కనిపించి కూడా బొమ్మ రావట్లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. యూఎస్‌బీ కెమెరాల్లో మొదటిది ఇప్పుడు అరుదు. రెండోదే ఎక్కువ, దాంతోనే జనం విసిగిపోయి "లినక్స్‌లో ఇంతేలే" అని వదిలేస్తారు. ఇక్కడ రాస్తున్నది ఆ రెండో రకం కేసు, ఫిర్యాదు వచ్చిన దగ్గర్నుంచి కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఒక చిన్న ఎంట్రీ చేరేదాకా. డ్రైవర్ కోడ్ ఎప్పుడూ ముట్టుకోని వాళ్లకి కూడా దారి తెలియాలని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మేం చూసుకునే మెషిన్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి. వీడియో కాల్స్ కోసం ఒకే మోడల్ యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు ఒక లాట్‌గా వచ్చాయి. పెట్టగానే వీడియో0 అనే డివైస్ నోడ్ (ప్రోగ్రామ్‌లు కెమెరాని తెరిచే ఫైల్) వచ్చింది, వీ4ఎల్2 (లినక్స్ వీడియో ఇంటర్‌ఫేస్) టూల్‌తో అడిగితే ఫార్మాట్ల జాబితా కూడా చక్కగా వచ్చింది: మోషన్ జేపెగ్‌లో 1280×720 వరకు, కంప్రెస్ చేయని వైయూవైవీలో 640×480 వరకు. కాల్ మొదలుపెడితే మాత్రం అప్లికేషన్ కొన్ని సెకన్లు బిగుసుకుపోయి, నల్ల తెర చూపించి, కెమెరా తెరవలేకపోయాం అనేది. ఆ తర్వాత కేబుల్ పీకి మళ్లీ పెడితే తప్ప ఏ ప్రోగ్రామ్‌కీ అది పలకదు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి పెడితే ఏ గొడవా లేదు, కాబట్టి హార్డ్‌వేర్ పోయిందనుకోడానికి లేదు.

"వేరే దాంట్లో పనిచేస్తుంది కదా" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ మాట కెమెరా పాడవలేదని చెబుతుందే గానీ, కెమెరా ప్రమాణం ప్రకారం నడుస్తోందని చెప్పదు. రెండు సిస్టమ్‌లు ఒకే కెమెరాని ఒకే వరుసలో ప్రశ్నలు అడగాలని ఎక్కడా లేదు.

ఈ ప్రశ్నల సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు ప్రతి కెమెరా చిప్‌కీ విడిగా డ్రైవర్ కావాల్సి వచ్చేది. తయారీదారులు చాలామంది వివరాలు ఇచ్చేవారు కాదు, ఎవరో ఓపిక ఉన్నవాళ్లు యూఎస్‌బీ ట్రాఫిక్‌ని పట్టి, చూసి, అంచనా వేసి రాసేవారు. జీఎస్‌పీసీఏ అనే డ్రైవర్ల కుటుంబం అలాంటి శ్రమతో పెరిగిందే, 2008లో 2.6.27 విడుదలతో అది అసలు కెర్నల్‌లోకి వచ్చింది. సరిగ్గా దానికి ముందు విడుదల 2.6.26లో లారెంట్ పిన్‌చార్ట్ రాసిన యూవీసీవీడియో డ్రైవర్ వచ్చింది. యూవీసీ అంటే యూఎస్‌బీ వీడియో క్లాస్. దాని ప్రమాణం 1.0 వెర్షన్ 2003లో, 1.1 2005లో, 1.5 2012లో వచ్చాయి. నేను ఏ ఫార్మాట్లు ఇవ్వగలను, ఏ సైజులు, ఏ వేగం, ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలి అన్నదంతా కెమెరా తన డిస్క్రిప్టర్లలో, అంటే తన గురించి ఇచ్చే వివరాల పట్టికలో, తనే చెప్పుకుంటుంది, డ్రైవర్ అది నమ్మి నడుచుకుంటుంది. అందుకే ఒక్క డ్రైవర్‌తో లెక్కలేనన్ని కెమెరాలు నడుస్తున్నాయి. చిక్కు కూడా అక్కడే: కెమెరా చెప్పేదొకటి, చేసేదొకటి అయితే డ్రైవర్‌కి తెలిసే దారి లేదు, ఎవరో ఒకరు కనిపెట్టి చెప్పాలి. అలా చెప్పిన తేడాలకి కెర్నల్ భాషలో క్విర్క్ అని పేరు. ఈరోజు వెబ్‌క్యామ్ సపోర్ట్ మెరుగుపరచడం అంటే చాలా వరకు కొత్త డ్రైవర్ రాయడం కాదు, సరైన కెమెరాకి సరైన క్విర్క్‌ని, రుజువుతో సహా, అంటించడం.

సరే, మన కేసు. కెర్నల్ లాగ్‌లో మొదట కనిపించింది మామూలు లైనే, యూవీసీ 1.00 డివైస్ దొరికింది అని. కాల్ మొదలుపెట్టినప్పుడు ఇంకో లైన్ వచ్చింది: ప్రోబ్ కంట్రోల్‌ని అడగడం విఫలమైంది, ఎర్రర్ -110, ఆశించినది 26. ప్రోబ్ కంట్రోల్ అంటే స్ట్రీమ్ మొదలయ్యే ముందు ఫార్మాట్, సైజు, వేగం గురించి డ్రైవర్, కెమెరా బేరమాడుకునే చోటు. ఈ లైన్‌లో రెండు విషయాలున్నాయి. -110 అంటే టైమౌట్, కెమెరా కాదని చెప్పలేదు, అసలు జవాబే ఇవ్వలేదు. కాదని చెప్పి ఉంటే -32 వచ్చేది, దాన్ని స్టాల్ అంటారు, అది మర్యాదైన తిరస్కారం, డ్రైవర్ చాలా చోట్ల దాన్ని తట్టుకుంటుంది. 26 అనేది జవాబులో ఉండాల్సిన బైట్ల సంఖ్య, యూవీసీ 1.0లో ప్రోబ్ కంట్రోల్ 26 బైట్లు, 1.1లో 34, 1.5లో 48. డివైస్ 1.00 అంటోంది, డ్రైవర్ 26 అడుగుతోంది, కాబట్టి వెర్షన్ తేడా వల్ల వచ్చిన తంటా కాదు. ఈ ఒక్క లైన్ చదవడం వస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

తర్వాత చేసింది వైరు మీద ఏం పోతోందో చూడడం. దీనికి కెర్నల్‌లోనే యూఎస్‌బీమాన్ అనే మాడ్యూల్ ఉంది, అది లోడ్ చేసి వైర్‌షార్క్ అనే ట్రాఫిక్ చూసే ప్రోగ్రామ్‌లో కెమెరా ఉన్న యూఎస్‌బీ బస్ (డివైస్‌లు పంచుకునే దారి) ఎంచుకుంటే చాలు, ప్రత్యేక పరికరం అక్కర్లేదు. యూవీసీవీడియో మాడ్యూల్‌కి ట్రేస్ అనే పారామీటర్ కూడా ఉంది, అన్ని బిట్లూ ఆన్ చేస్తే డ్రైవర్ తను చేసే ప్రతి పనీ లాగ్‌లో రాస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ సంభాషణ స్పష్టంగా కనిపించింది. డ్రైవర్ ముందు "నాకు ఈ ఫార్మాట్, ఈ సైజు, ఈ వేగం కావాలి" అని ప్రోబ్ కంట్రోల్‌ని సెట్ చేసింది, కెమెరా ఒప్పుకుంది. తర్వాత కనిష్ఠ విలువలు అడిగింది, అంటే రిక్వెస్ట్ కోడ్ హెక్స్‌లో 82. 26 బైట్లూ వచ్చాయి. వెంటనే గరిష్ఠ విలువలు అడిగింది, కోడ్ 83. ఇక్కడ కెమెరా మౌనం. సరిగ్గా 5 సెకన్లు ఖాళీ, ఆ తర్వాత టైమౌట్. యూజర్లు చెప్పిన "కొన్ని సెకన్లు బిగుసుకుపోవడం" ఇదే, డ్రైవర్‌లో స్ట్రీమింగ్ కంట్రోల్ రిక్వెస్ట్‌కి పెట్టిన గడువు 5000 మిల్లీసెకన్లు. ఆ తర్వాత ఏ రిక్వెస్ట్‌కీ జవాబు లేదు. ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి ప్రోగ్రామ్, ఎక్కడో ఇరుక్కుపోయింది, కరెంట్ తీసి ఇస్తేనే మళ్లీ లేస్తోంది.

ఇప్పుడు కోడ్ చదవాలి. ప్రోబ్ చేసే ఫంక్షన్ పెద్దదేం కాదు, ఒకసారి కూర్చుంటే అర్థమైపోతుంది. ముందు కోరిక సెట్ చేస్తుంది, తర్వాత కనిష్ఠ, గరిష్ఠ విలువలు అడుగుతుంది, వాటిలోంచి కంప్రెషన్ నాణ్యతకి సంబంధించిన ఫీల్డ్‌ని గరిష్ఠానికి పెడుతుంది, మళ్లీ సెట్ చేసి ప్రస్తుత విలువ చదువుతుంది. కెమెరా అడిగిన బ్యాండ్‌విడ్త్ దొరికేదానికన్నా ఎక్కువైతే నాణ్యత తగ్గించి ఇంకోసారి ప్రయత్నిస్తుంది. ఆ కనిష్ఠ గరిష్ఠ ప్రశ్నల చుట్టూ ఒక షరతు ఉంది: ఈ డివైస్‌కి ప్రోబ్ మిన్‌మాక్స్ అనే క్విర్క్ ఉంటే ఆ ప్రశ్నలు అడగొద్దు. అంటే ఇలాంటి కెమెరాలు మనకన్నా ముందే చాలామందికి తగిలాయి, మందు తయారుగానే ఉంది, మన కెమెరా పేరు ఆ జాబితాలో లేదు, అంతే.

కెమెరా పెట్టగానే నోడ్ ఎందుకొచ్చింది, తర్వాత ఎందుకు చచ్చింది అన్నది కూడా ఇక్కడే తేలింది. పెట్టినప్పుడు డ్రైవర్ డిఫాల్ట్, ప్రస్తుత విలువలు మాత్రమే అడుగుతుంది. గరిష్ఠం అడిగేది అప్లికేషన్ ఫార్మాట్ సెట్ చేసినప్పుడు. అందుకే అంతవరకూ అంతా బాగున్నట్టే ఉంటుంది.

క్విర్క్‌ని పరీక్షించడానికి కెర్నల్ కంపైల్ చేయక్కర్లేదు. మాడ్యూల్‌కి క్విర్క్స్ అనే పారామీటర్ ఉంది, ప్రోబ్ మిన్‌మాక్స్ విలువ 2. అది పెట్టి, కెమెరా తీసి మళ్లీ పెట్టాలి, ఎందుకంటే డ్రైవర్ ఈ విలువని డివైస్ కలిసినప్పుడే చదువుకుంటుంది, మధ్యలో మారిస్తే పట్టించుకోదు. పెట్టాం, బొమ్మ వచ్చింది. 720లో, 480లో, రెండు ఫార్మాట్లలోనూ, స్ట్రీమ్ ఆపి మళ్లీ మొదలుపెట్టినా, సస్పెండ్ అయి లేచినా. పారామీటర్ తీసేసి మళ్లీ పెడితే పాత జబ్బు తిరిగొచ్చింది. ఈ వెనక్కి వెళ్లి చూసే పని చాలామంది చేయరు, కానీ రివ్యూ చేసేవాళ్లకి అదే అసలు రుజువు. ఒకసారి పనిచేసిందంటే అది క్విర్క్ వల్లా, కేబుల్ పీకి పెట్టడం వల్లా అన్నది అలా తప్ప తేలదు.

ఈ పారామీటర్ గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే వెతికితే దొరికే సలహాలు ఎక్కువగా "క్విర్క్స్ 2 పెట్టు, లేదా 128 పెట్టు, ఏదో ఒకటి పనిచేస్తుంది" అనే తరహావి. ఒక్క సంఖ్య ఇస్తే అది ఆ మెషిన్‌లో ఉన్న యూవీసీ కెమెరాలన్నిటికీ వర్తిస్తుంది. పైగా అది డ్రైవర్ టేబుల్‌లో ఉన్న క్విర్క్‌లకి తోడవ్వదు, వాటి స్థానంలో కూర్చుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో అంతర్గత కెమెరాకి టేబుల్‌లో వేరే క్విర్క్ ఉండి అది బాగా పనిచేస్తోంది అనుకోండి, బయటి కెమెరా కోసం మీరు 2 పెట్టగానే లోపలిది పాడవుతుంది, దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. పరీక్షకి ఈ పారామీటర్ బంగారం. శాశ్వత పరిష్కారంగా మాత్రం వద్దు.

శాశ్వత పరిష్కారం టేబుల్ ఎంట్రీ. డ్రైవర్ సోర్స్‌లో డివైస్ ఐడీల పట్టిక ఉంది, వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ, వీడియో క్లాస్, సబ్‌క్లాస్, చివర్లో ఏ క్విర్క్. కొన్ని లైన్ల పని. ఎంట్రీలు ఐడీ వరుసలో ఉంటాయి, మనదీ అదే వరుసలో పెట్టాలి. కానీ రాసే ముందు ఆలోచించాల్సింది ఒకటుంది: ఈ ఐడీ నిజంగా ఈ కెమెరాదేనా? చవక కెమెరాల్లో బయటి డబ్బా ఎవరిదైనా లోపలి కంట్రోలర్ చిప్ వేరే కంపెనీది, ఐడీ కూడా ఆ చిప్ కంపెనీదే ఉంటుంది, అదే ఐడీతో వేరే ఫర్మ్‌వేర్ ఉన్న మంచి కెమెరాలు కూడా బయట తిరుగుతుండవచ్చు. మన ఎంట్రీ వాటికీ తగులుతుంది. కాబట్టి ప్రతి క్విర్క్‌కీ అడగాల్సిన ప్రశ్న "నా కెమెరా బాగవుతుందా" ఒక్కటే కాదు, "అవసరం లేని కెమెరాకి ఇది తగిలితే ఏం పోతుంది" అన్నది కూడా. మిన్‌మాక్స్ విషయంలో పోయేది కొద్దిగానే: కంప్రెషన్ నాణ్యతని గరిష్ఠానికి పెట్టే అవకాశం పోతుంది, బ్యాండ్‌విడ్త్ చాలకపోతే నాణ్యత తగ్గించి మళ్లీ ప్రయత్నించే వీలు పోతుంది. బొమ్మ రాకపోవడంతో పోలిస్తే ఇది భరించదగ్గదే. ఈ లెక్క వేసుకున్నాకే ప్యాచ్ రాశాను.

ప్యాచ్ పంపే పద్ధతి గురించి జనానికి లేనిపోని టెన్షన్ ఉంటుంది. నిజానికి కెర్నల్ సోర్స్‌లో ఉన్న స్క్రిప్ట్ ఎవరికి పంపాలో చెబుతుంది, ఇంకో స్క్రిప్ట్ ఫార్మాటింగ్ తప్పులు పట్టిస్తుంది, మీ పేరుతో సైన్డ్-ఆఫ్-బై లైన్ పెట్టాలి, అది ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పే సంతకం. కష్టపడాల్సింది కమిట్ మెసేజ్ మీద. "ఫలానా కెమెరాకి క్విర్క్ చేర్చాను" అని ఒక్క లైన్ రాస్తే పదేళ్ల తర్వాత దాన్ని తీసేయొచ్చో లేదో ఎవరికీ తెలియదు. మేం రాసింది ఇది: కనిష్ఠానికి జవాబిస్తుంది, గరిష్ఠానికి ఇవ్వదు, -110 వస్తుంది, ఆ తర్వాత ఫర్మ్‌వేర్ వేలాడిపోతుంది, మళ్లీ పెట్టేదాకా లేవదు, ప్రశ్న అడగకుంటే అన్ని సైజులూ పనిచేస్తున్నాయి. దానితోపాటు యూఎస్‌బీ డివైస్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇచ్చే పూర్తి డిస్క్రిప్టర్ల పాఠం కూడా పెట్టాం. రివ్యూలో వచ్చిన ప్రశ్న కూడా ఊహించినదే, ఇంకా చిన్న మార్పుతో సరిపోతుందా అని. గరిష్ఠం ఒక్కటే మానేసి కనిష్ఠం ఉంచితే లాభం లేదు, రెండూ కలిపే ఆ క్విర్క్ నిర్వచించారు, కొత్త క్విర్క్ పుట్టించేంత తేడా ఇందులో లేదు. ఎంట్రీ లోపలికి వెళ్లింది.

ఇంతలో రెండో ఫిర్యాదు వచ్చింది, ఇది మొదటిదానికన్నా ఆసక్తికరమైనది. కొన్ని మెషిన్లకి రెండేసి కెమెరాలు కావాలి, ఒకటి మనిషికి, ఒకటి బల్ల మీద కాగితాలకి. మొదటిది తెరుచుకుంటుంది, రెండోది తెరిస్తే "డివైస్‌లో ఖాళీ లేదు" అనే ఎర్రర్, అంటే -28. డిస్క్ నిండిందేమో అని ఫైళ్లు డిలీట్ చేసినవాళ్లున్నారు, పాపం ఆ మెసేజ్ చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. ఇక్కడ ఖాళీ లేనిది యూఎస్‌బీ బస్‌లో.

లెక్క చూడండి. యూఎస్‌బీ 2.0 హై స్పీడ్ సెకనుకి 480 మెగాబిట్లు, సెకనుని 8000 మైక్రోఫ్రేమ్‌లు అనే ముక్కలుగా కోస్తారు, అంటే ఒక్కోదానిలో 7500 బైట్ల చోటు. వెబ్‌క్యామ్‌లు సాధారణంగా వాడే ఐసోక్రోనస్ పద్ధతిలో ముందే చోటు రిజర్వ్ చేసుకోవాలి, ఇలాంటి రిజర్వేషన్లన్నీ కలిపి 80 శాతం దాటకూడదు, అంటే 6000 బైట్లు. ఒక ఎండ్‌పాయింట్ (డివైస్ డేటా పంపే ద్వారం) ఒక్కో మైక్రోఫ్రేమ్‌లో గరిష్ఠంగా 1024 బైట్ల ప్యాకెట్లు మూడు, మొత్తం 3072 బైట్లు అడగగలదు. మా కెమెరా ఏ సైజు పెట్టినా, ఏ వేగం పెట్టినా ఆ 3072 అడుగుతుంది. 3072 రెండింతలు 6144. 6000 దాటింది. రెండో కెమెరాకి చోటు లేదు, అది తెరవబోయేది చిన్న బొమ్మే అయినా సరే. ఒక్కడే ప్రయాణిస్తూ బస్సులో సగం సీట్లు బుక్ చేసుకున్నట్టు.

దీనికి ఫిక్స్ బ్యాండ్‌విడ్త్ అనే క్విర్క్ ఉంది, విలువ 128. కెమెరా చెప్పిన సంఖ్యని పక్కనపెట్టి డ్రైవరే లెక్కేస్తుంది: వెడల్పు, ఎత్తు, పిక్సెల్‌కి బిట్లు, సెకనుకి ఫ్రేమ్‌లు, వాటికి ఒక ఫ్రేమ్ అదనం, పైన 12 బైట్ల హెడర్. 640×480 వైయూవైవీ 30 ఫ్రేమ్‌లకి అది మైక్రోఫ్రేమ్‌కి 2392 బైట్లు అవుతుంది. కెమెరా దగ్గర ఉన్న ఆల్టర్నేట్ సెట్టింగ్‌లలో (ఒక్కోటి ఒక్కో సైజు రిజర్వేషన్) దానికి సరిపోయే అతి చిన్నది ఎంచుకుంటుంది, మా దాంట్లో అది 2688. రెండు కెమెరాలకి 5376, ప్యాకెట్ల పైఖర్చు కలిపినా సరిపోయింది, రెండూ పక్కపక్కన నడిచాయి. లెక్క మరీ చిన్నగా వస్తే 1024 కన్నా కిందికి పోకుండా కూడా కోడ్‌లో జాగ్రత్త తీసుకున్నారు.

మరి 720? కంప్రెస్ చేయకుండా 1280×720 వైయూవైవీ 30 ఫ్రేమ్‌లు అంటే సెకనుకి 5.5 కోట్ల బైట్లకి పైనే, ఒక ఎండ్‌పాయింట్ మోయగలిగేది 2.46 కోట్లు. కాబట్టి మోషన్ జేపెగ్ తప్ప దారి లేదు. ఆ క్విర్క్ కంప్రెస్ చేసిన ఫార్మాట్‌కి వర్తించదు, కోడ్‌లోనే ఆ షరతు ఉంది. ఇది లోపమని చాలామంది అంటారు, మార్చేసుకున్న ప్యాచ్‌లు కూడా తిరుగుతుంటాయి. నేను దీనితో ఒప్పుకోను. జేపెగ్ ఫ్రేమ్ ఎంత పెద్దదవుతుందో ముందే చెప్పలేం: ఖాళీ గోడ చూపిస్తే చిన్నది, సన్నటి అక్షరాల కాగితం చూపిస్తే ఎన్నో రెట్లు. డ్రైవర్ ఊహించి తక్కువ రిజర్వ్ చేస్తే అంతా బాగుందనుకున్న రోజున, సరిగ్గా వివరం ఎక్కువున్న బొమ్మ దగ్గర, ఫ్రేమ్‌లు సగంలో తెగిపోతాయి. అలాంటి బగ్ పట్టుకోవడం కన్నా "చోటు లేదు" అని నిక్కచ్చిగా చెప్పే ఎర్రర్ వెయ్యి రెట్లు నయం.

అందుకని 720 రెండు కెమెరాలు కావాల్సిన చోట రెండోదాన్ని వేరే యూఎస్‌బీ కంట్రోలర్‌కి మార్చాం. ఎల్ఎస్‌యూఎస్‌బీని చెట్టు రూపంలో చూపించమంటే ఏది ఏ బస్ కింద ఉందో తెలుస్తుంది. హబ్ కొంటే సరిపోతుందనుకోవద్దు, హబ్ పోర్టులు పెంచుతుంది గానీ చోటు పెంచదు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకి మార్చినా అంతే, కెమెరా 2.0 డివైస్ అయితే అది ఆ పోర్టులో ఉన్న 2.0 తీగల మీదే నడుస్తుంది.

ఫిక్స్ బ్యాండ్‌విడ్త్‌ని కూడా టేబుల్‌లో పెట్టమని టీమ్‌లో అడిగారు. పెట్టలేదు. మిన్‌మాక్స్ కేసులో వేసిన లెక్కే ఇక్కడ వేస్తే జవాబు వేరే వస్తుంది: డ్రైవర్ తగ్గించి చెప్పిన సంఖ్యని పట్టించుకోని ఫర్మ్‌వేర్ ఉన్న కెమెరాకి అదే ఐడీ ఉంటే, ఒక్క కెమెరాతో ఇప్పటిదాకా హాయిగా వాడుకుంటున్న వాళ్లకి ఫ్రేమ్‌లు పోవడం మొదలవుతుంది. రెండు కెమెరాల అవసరం మాది, దాని కోసం వాళ్ల బొమ్మ పాడుచేసే హక్కు మాకు లేదు. ఆ మెషిన్లలో మాత్రం పారామీటర్ ఫైల్‌లో ఉంచాం.

ఒక చిన్న సంగతి, ఎందుకంటే ఇదీ ఫిర్యాదుగానే వస్తుంది: ఒకే కెమెరాకి రెండు నోడ్‌లు కనిపించి, రెండోది తెరిస్తే ఏమీ రాదు. అది పాడైన కెమెరా కాదు, కెర్నల్ 4.16 నుంచి మెటాడేటాకి (ఫ్రేమ్‌ల గురించిన అదనపు సమాచారానికి) విడి నోడ్ ఇస్తున్నారు. అప్లికేషన్ డివైస్ సామర్థ్యాలు అడిగి వీడియో క్యాప్చర్ ఉన్నదాన్నే ఎంచుకోవాలి, సంఖ్య చూసి కాదు.

ఈ పద్ధతి ఏదీ కొత్త ల్యాప్‌టాప్‌లలో వస్తున్న మిపీ కెమెరాలకి (సెన్సర్‌ని నేరుగా ప్రాసెసర్‌కి కలిపే రకం) పనికిరాదు. అక్కడ యూఎస్‌బీ లేదు, యూవీసీ లేదు, సెన్సర్ నుంచి వచ్చే పచ్చి డేటాని బొమ్మగా మార్చే పని లిబ్‌క్యామెరా లాంటి సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది, దానికి వేరే కేస్ స్టడీ కావాలి.

మా ఎంట్రీ ఉన్న కెర్నల్ మెషిన్లకి చేరాక చేయాల్సిన పని ఇంకోటి మిగిలింది. పరీక్షల కోసం అక్కడక్కడా పెట్టిన క్విర్క్స్ 2 లైన్లన్నీ వెతికి తీసేయాలి, లేకపోతే అవి టేబుల్‌ని కప్పేస్తూనే ఉంటాయి, రేపు ఆ మెషిన్‌కి వేరే క్విర్క్ అవసరమైన కెమెరా వస్తే అది పనిచేయదు. రెండు కెమెరాల మెషిన్లలో 128 ఒక్కటే ఉంచినా చాలదు, అది టేబుల్‌లోని మిన్‌మాక్స్‌ని కప్పేసి పాత వేలాడే జబ్బుని వెనక్కి తెస్తుంది. అక్కడ రెండూ కలిపి 130 పెట్టాలి, ఎందుకు పెట్టామో ఆ ఫైల్‌లోనే పక్కన కామెంట్‌గా రాసిపెట్టాం.